కుంటి గుర్రం

కుట్టు కొట్టు, వెనక గది
వానలు మొదలైన వారం

ఒరే బుడ్డోడా,

మేం బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని అడగను. లేవని తెలుసు.

మీ వీధికి బొత్తాలు అమ్మే ఆయన వస్తాడుగా, ఆయనే మా కొట్టుకీ వస్తాడు. కళ్ళద్దాల కొట్టు మధ్యాహ్నానికే మూసేస్తున్నావనీ, పైన గది కిటికీ రెక్కలు పగలు కూడా వేసే ఉంటున్నాయనీ చెప్పాడు. పలకరిస్తే బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావట. మరదలు పోయి ఏడాది దాటింది. ఏడవద్దని నేను చెప్పను. ఏడ్చేవాడు కిటికీ తీసుకుని ఏడిస్తే ఏం పోయిందని మాత్రం అడుగుతున్నాను.

నా మాట విని ఒక్క పని చెయ్యి. బ్యాంకుకి వెళ్ళు. చిల్లర అడుగు. చిన్నప్పుడు మనిద్దరం సంచీ పట్టుకుని గుమ్మంలో కనపడగానే ఆ ముసలి గుమాస్తా "చిల్లర దొంగలు వచ్చారు" అని అరిచేవాడు, గుర్తుందా? చిల్లరలో ముద్ర తప్పిన నాణేలు వెతుక్కునే ఆ దొంగతనం నేను ఇంకా మానలేదు. నువ్వే మానేశావు.

పద్ధతి మర్చిపోయి ఉంటావు కాబట్టి రాస్తున్నాను. నెల మొదట్లో వెళ్ళకు, జీతాల రద్దీలో కసురుకుంటారు. వారం మధ్యలో, భోజనాల వేళకి కాస్త ముందు వెళ్ళు. టంకశాల నుంచి సీలుతో వచ్చిన కొత్త సంచులిస్తే వద్దను. వాటిలో అన్నీ ఒక్క ఏడాదివే, ఒక్క ముఖమే. జనం చేతులు మారి వచ్చిన చిల్లర అడుగు. బస్సులవాళ్ళు కట్టిందీ, బట్టలుతికే కొట్టువాళ్ళు కట్టిందీ అయితే మంచిది. చూసేసిన వాటిని మాత్రం తెచ్చుకున్న బ్యాంకులోనే వెయ్యకు. నీ ఎంగిలి మళ్ళీ నీకే వస్తుంది.

మీ బావ సంగతి మామూలే. బస్సులో రోజంతా చిల్లరతో చచ్చి ఇంటికొస్తే ఇక్కడా గలగలేనా అని గొణుగుతారు. ఇన్నేళ్ళు కండక్టరు పని చేసి ఒక్క నాణెం మీద ఏ బొమ్మ ఉందో కూడా చూడని మనిషిని నేను ఈయన్నే చూశాను.

ఇంకో మాట. నా నాణేల డబ్బా నువ్వు తీసుకో. నాకు ఈమధ్య తీరిక ఉండటం లేదు. అందులో నువ్వు చూడనివి చాలా ఉన్నాయి. ఊఁ అంటే పంపిస్తాను.

మీ అక్క


కళ్ళద్దాల కొట్టు, పైన గది
అదే నెల

అక్కా,

నీ పోరు పడలేక వెళ్ళాను. ఇంకేమీ అనుకోకు.

కిటికీలో కేషియరమ్మ కూర్చుని ఉంది. చిల్లర సంచులు కావాలంటే నన్ను ఎగాదిగా చూసి, కొట్టు పెట్టుకున్నారా అంది. కాదమ్మా, పాత నాణేలు వెతుక్కుంటాను అన్నాను. ఇది బ్యాంకా, పాతసామాన్ల కొట్టా అన్నట్టు చూసింది. ఆవిడ కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీద నుంచి జారుతోంది. నాకది చూస్తూ ఊరుకోవడం చేతకాదు. జేబులో స్క్రూడ్రైవరు ఉంటుందిగా, అడిగి తీసుకుని రెండు పక్కలా బిగించి ఇచ్చాను. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. జారలేదు. ఆ తర్వాత నేనడిగినవన్నీ ఇచ్చింది.

వాటితోపాటు ఒక అట్టపెట్టె ముందుకు తోసింది. ఇవి ఏ కొట్టువాళ్ళూ తీసుకోరండీ, చేత్తో చుట్టినవి, మిషను చుట్టలైతేనే నమ్ముతారు, మీకు పనికొస్తాయేమో చూడండి అంది. చూస్తే మట్టిరంగు కాగితంలో చుట్టిన నాణేల చుట్టలు. కాగితం మీద సుద్దతో గీసిన చొక్కా చెయ్యి కొలత. ఆ గీత ఎవరిదో నాకు చెప్పాలా? నీ కటింగు కాగితమే. మీ ఊరి బ్యాంకులో మిగిలిపోయిన చిల్లర అంతా వ్యానులో మా బ్యాంకుకే వస్తుందట. అంటే నువ్వు పండు తినేసి తొక్క నాకు పంపుతున్నావన్నమాట. నువ్వు చూసి వదిలేసిన దాంట్లో ఎర్ర ఏగానికి కొరగానిది తప్ప ఇంకేముంటుంది? నీవి డేగ కళ్ళు. అయినా తెచ్చుకున్నాను. ఆ కాగితం మన ఇంటి వాసన వేసింది.

డబ్బా మాట మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకు. చిన్నప్పుడు నాకు ఏడుపు ఆగడం లేదని నీకు దొరికినది నా చేతిలో పెడితే దాన్ని కాలవలో విసిరేశాను, నీకూ గుర్తుండే ఉంటుంది. నువ్విస్తే నాకొద్దు. దొరికితేనే నాది. ఆ చట్టం పెట్టిందీ నువ్వే. పెళ్ళాం పోయినవాడు కదా అని జాలితో చట్టం మార్చకు.

అయినా డబ్బా ఇచ్చేస్తే కుంటి గుర్రాన్ని ఎవరు వెతుకుతారు? ముందు కాలు ముద్ర పడని ఆ గుర్రం బొమ్మ నాణెం ఒకటి ఎక్కడో తిరుగుతోందని ఆ ముసలి గుమాస్తా చెప్పినప్పటి నుంచీ మనిద్దరికీ నిద్రలేదు. అది చేతికి వచ్చేదాకా నీకు రిటైర్మెంటు లేదు.

తమ్ముడు


కుట్టు కొట్టు, వెనక గది
వానలు జోరుగా ఉన్నాయి

ఒరే బుడ్డోడా,

సరే. డబ్బా మాట ఇక ఎత్తను. దొరికితేనే నీది. ఒప్పుకున్నాను.

నీ ఉత్తరం చదివి మీ బావకి కూడా వినిపించాను. కేషియరమ్మ కళ్ళజోడు దగ్గర ఇద్దరం నవ్వాం. నవ్వితే నాకు కాస్త పక్కలో పట్టేస్తోంది, వయసు.

ఆ మట్టిరంగు చుట్టలు ఎప్పుడు వచ్చినా నీకే ఇస్తుందా ఆవిడ? వేరే ఎవరికీ ఇవ్వదు కదా? కనుక్కుని రాయి. ఇవ్వకపోతే నీకోసం పక్కన పెట్టమని చెప్పు. కళ్ళజోడు బాగుచేశావు కాబట్టి ఆ మాత్రం అడిగే హక్కు నీకుంది. తెచ్చుకున్నాక విప్పు. అక్క చూసేసింది కదా అని అలాగే కట్టగట్టి వేరే బ్యాంకులో పడేసి రాకు. తొక్కలో కూడా ఒక్కోసారి గుజ్జు మిగులుతుంది. పని ఎక్కువైనప్పుడు నేను పైపైన చూసి చుట్టేస్తున్నాను, నిజంగా చెబుతున్నాను.

నువ్వు వస్తానన్నావట బొత్తాల ఆయనతో. ఇప్పుడు వద్దు. కొట్టు పైకప్పు కారి సామానంతా మంచాల మీదికి ఎక్కించాం, పడుకోవడానికి చోటు లేదు. బాగుచేయించాక నేనే రమ్మంటాను.

దొరికితే వెంటనే రాయి. ఏది దొరికినా సరే. ఏ పక్కన ఎలా ఉందో, ఎలా పట్టుకున్నావో, అప్పుడేమనిపించిందో అన్నీ రాయి. ఒక్కముక్కలో తేల్చేస్తే ఊరుకోను.

మీ అక్క


కళ్ళద్దాల కొట్టు, పైన గది
రాసి, పోస్టు చెయ్యకుండా సొరుగులో పెట్టుకున్నది

అక్కా,

ఇది నీకు పంపను. కానీ రాయకపోతే నా గుండె పగిలిపోయేలా ఉంది.

దొరికింది. కుంటి గుర్రం దొరికింది.

మొదట మురికి అనుకున్నాను. చొక్కా అంచుతో తుడిచాను. కొట్టులో భూతద్దం కింద పెట్టి చూశాను. మూడు కాళ్ళు. ముందు కాలు ఉండాల్సిన చోట నున్నగా ఉంది, ముద్రే పడలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరికి చెప్పాలో తెలియక కిందకి దిగి, కళ్ళద్దాలకి వచ్చిన ముసలాయనకి చూపించాను. గుర్రానికి ఏమైంది నాయనా అన్నాడాయన. కుంటిదండీ అన్నాను. అని నవ్వాను. ఏడాది తర్వాత నా నవ్వు నాకే వినపడింది.

అంతలో నా చేతిలో ఉన్న చుట్ట కాగితం చూశాను. చెయ్యి కొలత, సుద్ద గీత. నీ చుట్ట అక్కా. నీ వేళ్ళ మధ్య నుంచే వచ్చింది. చిన్నప్పటి నుంచీ మనం వెతికిన గుర్రం నీ బల్ల మీదికి వచ్చి, నీ కళ్ళ ముందు నిలబడి, నీకు కనపడకుండా వెళ్ళిపోయింది.

నాకు రోజూ కళ్ళతోనే పని. ఎదురుగా కూర్చున్నవాళ్ళు అక్షరాలు కనపడుతున్నాయని బుకాయిస్తూ ఊహించి చెబుతుంటే నాకు తెలిసిపోతుంది. నువ్వూ అలాగే రాశావు, పైపైన చూస్తున్నాను, పని ఎక్కువైంది అని. చూపు తగ్గిందని ఒప్పుకోలేక అన్న మాటలవి. డబ్బా నాకెందుకు ఇస్తానన్నావో ఇప్పుడు అర్థమైంది.

నీకెలా చెప్పను? గుర్రం నీ చేతిలోంచి జారిపోయిందని తెలిస్తే నువ్వు ఆ బల్ల ముందు ఇంకెప్పుడూ కూర్చోవు. నాకు దొరికిన సంతోషం నీకు చావు దెబ్బ అవుతుంది. అందుకని చెప్పను. రేపు రాసే ఉత్తరంలో సంతోషం ఎక్కడా పొక్కకుండా చూసుకోవాలి. నువ్వు నా చేతిరాత వాలు చూసే పసిగట్టేస్తావు.


కళ్ళద్దాల కొట్టు, పైన గది
మర్నాడు

అక్కా,

మట్టిరంగు చుట్టలు నాకే ఇస్తానంది కేషియరమ్మ. వేరే ఎవరూ అడగడం లేదట. విప్పి చూశాను. ఏమీ లేవు. నీ చెయ్యి తగిలాక ఏం మిగులుతుంది.

నేను మామూలుగానే ఉన్నాను. చెప్పుకోవడానికి ఏమీ లేదు.

దీంతోపాటు అక్షరాల అట్ట ఒకటి పంపుతున్నాను. ఊరికే. కొత్తగా అచ్చు వేయించాం, బాగుందో లేదో చెప్పు. బావని ఆ చివర పట్టుకుని నిలబడమని, నువ్వు గుమ్మం దగ్గర నుంచి చదువు. ఏ వరసదాకా వచ్చావో రాయి. తలనొప్పి గానీ, సాయంత్రాలు కళ్ళు నీరు కారడం గానీ ఉందా?

తమ్ముడు


కుట్టు కొట్టు, వెనక గది
వాన వెలిసింది

ఒరే బుడ్డోడా,

అట్ట బాగుంది. మీ బావ దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. అలాగే చదివేశాను, అట్టడుగు వరసతో సహా. కింద మూల చిన్న అక్షరాల్లో అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివాను. నా కళ్ళకి ఏమీ కాలేదు. నీకెందుకు పుట్టింది ఆ అనుమానం? కళ్ళద్దాలవాడికి లోకమంతా గుడ్డిగానే కనపడుతుందా?

నా కళ్ళ సంగతి అలా ఉంచు. నిజంగా ఏమీ దొరకలేదా? ఎన్ని చుట్టలు విప్పావు? అన్నీ విప్పావా, పైన ఉన్నవి రెండు విప్పి మిగతావి అలాగే పెట్టేశావా? అంచులు చూస్తున్నావా? వెనకా ముందూ తిప్పి చూస్తున్నావా? గుర్రం బొమ్మవి విడిగా తీసి చూశావా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పుకోవడానికి ఏమీ లేదని రాశావు. అంతకుముందు ఉత్తరంలో కోపమన్నా ఉంది, ఇందులో అదీ లేదు. కోపంగానే రాయి, తిట్టు, ఫరవాలేదు.

ఇంకో విడత చుట్టలు బ్యాంకులో వేశాం. వేశాం అంటే మీ బావ వేశారు. నాకు కాస్త నీరసంగా ఉంది, అంతే. అవి వ్యానులో మీకు వచ్చేసరికి ఎన్నాళ్ళు పడుతుందో కనుక్కో. వచ్చాక జాగ్రత్తగా చూడు. నా మాట మీద ఒక్కసారి గౌరవం ఉంచి చూడు.

కొట్టులో కొత్త పనులు ఒప్పుకోవడం లేదు. చేతిలో ఉన్నవి పూర్తి చేస్తున్నాను.

మీ అక్క


కళ్ళద్దాల కొట్టు, పైన గది
ఎండలు మొదలు

అక్కా,

అట్ట తలకిందులుగా పట్టుకున్నా చదివావంటే ముందే కంఠతా పట్టి ఉంటావు. బళ్ళో పద్యాలు కూడా అలాగే అప్పజెప్పేదానివి, పుస్తకం తెరవకుండా.

నీ కోసం ఒక కళ్ళజోడు చేశాను. నా చేత్తో అద్దం అరగదీశాను. దగ్గర చూపుకి. పెట్టుకో. అందంగా లేదని సణగకు. దర్జీవాళ్ళందరికీ ఒక వయసు వచ్చాక ఇది తప్పదు, ఇందులో నామోషీ ఏమీ లేదు.

నువ్వు చెప్పినట్టే చూస్తున్నాను. రెండో విడత చుట్టలూ వచ్చాయి. అన్నీ మామూలువే. కుంటి గుర్రం అసలు లేదేమోననిపిస్తోంది. ఆ ముసలి గుమాస్తా మనల్ని వదిలించుకోవడానికి చెప్పిన కథ అయి ఉంటుంది. ఇక దాని గురించి ఆలోచించకు.

పైకప్పు బాగైందా? వస్తాను.

తమ్ముడు


కళ్ళద్దాల కొట్టు, పైన గది
ఇదీ పోస్టు చెయ్యనిదే

అక్కా,

నెలవంక దొరికింది. ముద్ర పక్కకి జరిగిపోయి అంచున ఖాళీ వంక మిగిలినది. ఆ చుట్టలోనే దాని కిందనే రెండు ముక్కులాయన. నాణెం మీది దొర ముఖానికి ముద్ర రెండుసార్లు పడి ముక్కు పక్కన ఇంకో ముక్కు. ఆ ముక్కు చూసి నాకు నవ్వాగలేదు. కేషియరమ్మకి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ పక్క కిటికీలో ఆయన్ని కూడా పిలిచింది. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ఇప్పుడు నేను బ్యాంకులోకి అడుగుపెడితే "ఈ వారం ఎన్ని ముక్కులండీ" అని అడుగుతున్నారు.

కొట్టు సాయంత్రం దాకా తెరుస్తున్నాను. కిటికీ తీశాను. మీ మరదలి బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దాను. సర్దుతూ ఏడ్చాను గానీ సర్దాను. ఆకలేస్తోంది. బుధవారం వస్తోందంటే మంగళవారం నుంచే కాలు నిలవదు.

ఇదంతా నీకు చెప్పాలని నాలిక దురదపెడుతోంది. చెబితే ఎక్కడివని అడుగుతావు. నీ చుట్టల్లోవని చెప్పాలి. నీ చూపు ఆరిపోతుంటే ఆ చీకట్లోంచి నేను సంతోషం ఏరుకుంటున్నాను. సిగ్గుగా ఉంది. అయినా బుధవారం మళ్ళీ వెళతాను.


కుట్టు కొట్టు, వెనక గది
ఎండాకాలం

బుడ్డోడా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. పడుకుని రాస్తున్నాను.

నీ కళ్ళజోడు పెట్టుకున్నాను. చాలా బాగుంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నువ్వు చుట్టలు విప్పడం లేదు. నాకు తెలుసు. విప్పుతున్నానని రాస్తే నా మనసు నెమ్మదిస్తుందని రాస్తున్నావు. ఆ గదిలో కిటికీ వేసుకుని, చుట్టలు మూలన పడేసి, నెలకోసారి నాకొక అబద్ధం రాసి పడుకుంటున్నావు. తిట్టడానికి కాదు ఇది. నీ దుఃఖం నేను మొయ్యలేను, నాకు తెలుసు. ఎవరిది వాళ్ళే మొయ్యాలి. కానీ నిన్ను ఒక్క వారమైనా లేపి నిలబెడదామని చాలా ఆశపడ్డాను.

ఒక్కటే అడుగుతాను, నా మీద ఒట్టేసి చెప్పు. విప్పుతున్నావా? గుర్రం కనపడిందా?

అక్క


కళ్ళద్దాల కొట్టు, పైన గది
వెంటనే

అక్కా,

నీ రాత చూసి భయం వేసింది. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇక బుకాయించకు. పడుకుని రాశానని కాదు, కనపడక అలా అయింది. ఇక్కడ నాకు తెలిసిన మంచి కంటి డాక్టరున్నాడు. వచ్చే వారం కొట్టు మూసి వస్తున్నాను, నువ్వు రావద్దన్నా ఆగను. నిన్ను తీసుకొచ్చి చూపిస్తాను. పొర వచ్చి ఉంటే తీసేస్తారు, మళ్ళీ లోకం కనపడుతుంది.

విప్పుతున్నాను అక్కా. ఒట్టు. కానీ ఏమీ లేవు. గుర్రం కనపడలేదు.

నీ కళ్ళు బాగయ్యాక నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అప్పటిదాకా ఓపిక పట్టు.

తమ్ముడు


కుట్టు కొట్టు, వెనక గది
జనం వెళ్ళిపోయాక

బావమరిదీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. టికెట్లు చింపడం వచ్చు. తప్పులుంటే సర్దుకో.

కబురందగానే నువ్వు వచ్చావు. ఇల్లంతా మనుషులు. నీతో ఒక్క మాట విడిగా మాట్లాడదామంటే కుదరలేదు. గోడకి తల ఆనించి, కళ్ళకి చూపిద్దామనుకున్నాను బావా, కళ్ళకి చూపిద్దామనుకున్నాను అంటూనే ఉన్నావు. నాకు అర్థం కాలేదు. మీ అక్క కళ్ళకి ఏ జబ్బూ లేదు. చివరి రోజుల్లో కూడా గది ఆ మూలన గోడ మీద పాకే చీమని చూపించింది. జబ్బు కడుపులో. గడ్డ. వానలు మొదలవక ముందే డాక్టరు చెయ్యడానికి ఏమీ లేదని చెప్పేశాడు. నీకు రాద్దామంటే నా నోరు నొక్కేసింది. వాడిప్పుడే ఒక మంచం పక్క నుంచి లేచాడు, ఇంకో మంచం పక్కన కూర్చోబెట్టను అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ చెప్పేది. ఈ ఒక్క విషయంలో నానింది. నానకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

అసలు సంగతి ఇది. ఈవేళ ఆవిడ డబ్బా తీశాను, నీకు పంపుదామని. ఖాళీ.

ఖాళీ అని నాకు తెలుసు, చూస్తే తట్టుకోలేకపోయాను, అంతే. నువ్వు డబ్బా వద్దన్నావు, దొరికితేనే నాది అన్నావు. ఆ ఉత్తరం మడిచి, సరే అయితే దొరకనిద్దాం అంది. ఆ తర్వాత కూర్చుని డబ్బాలోవి కొన్నికొన్ని తీసి మామూలు చిల్లర మధ్యలో పెట్టి కటింగు కాగితంలో చుట్టేది. ఒక్కసారే అన్నీ పెట్టలేదు. ఒకేసారి దొరికితే వాడికి అనుమానం వస్తుంది, వారానికి కొంచెం అయితే వారం వారం లేస్తాడు అంది. మొదట్లో తనే బ్యాంకులో వేసింది. నడవలేనప్పుడు నేను వేశాను. నీకు మొదట ఏది దొరకాలో కూడా అనుకుంది. కుంటి గుర్రం. అది మీ అక్కకి ఎప్పుడో దొరికింది, నీ పెళ్ళాం ఆస్పత్రిలో ఉన్నప్పుడు. పిడికిట్లో పట్టుకుని తిరిగింది రోజంతా. వాడికిప్పుడు చెప్పకూడదు, వాడి సంతోషాన్ని నేను ఒక్కదాన్నే పడకూడదు అని దాచేసింది.

ఇక నీ ఉత్తరాల కోసం కాచుకునేది. పోస్టువాడు వీధి మొదట్లో ఉండగానే లేచి కూర్చునేది. నువ్వు పంపిన కళ్ళజోడు పెట్టుకునేది. అది పెట్టుకుంటే ఒక్క అక్షరం కనపడదు, అన్నీ మసక. తీసెయ్యమంటే వాడు చేత్తో చేశాడండీ అని తియ్యదు. నన్ను చదవమనేది. నేను చదివేవాణ్ణి. ఏమీ లేవు. ఏమీ లేవు. ప్రతిసారీ అదే. నా గొంతులోంచే ఆ మాట రావాలి.

గుర్రం వేరే ఎవరికో పోయి ఉంటుందన్నాను. పోనివ్వండి, దానికేముంది, ఎవరికి దొరికినా గుర్రమే అంది. ఆవిడ బాధ దాని గురించి కాదు. వాడు విప్పడం లేదు, వాడు లేవలేదు, నేను వెళ్ళిపోతున్నాను, వాడు ఆ చీకటి గదిలోనే ఉన్నాడు అంది.

నీ ఆఖరి ఉత్తరం వచ్చినప్పుడు లేచి కూర్చునే ఓపిక లేదు. కళ్ళజోడు నేనే పెట్టాను. ఉత్తరం విప్పి చూశాను. గుర్రం కనపడలేదు అని ఉంది. నేను చదవలేకపోయాను బావమరిదీ. పెళ్ళయినప్పటి నుంచీ మీ అక్కకి నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. దొరికిందట, వాడికి దొరికిందట అన్నాను.

మీ అక్క ముఖం ఎలా అయిందో నేను రాయలేను. నా చెయ్యి పట్టుకుంది. ఏది దొరికిందండీ అంది.

గుర్రం అని ఉంటే సరిపోయేది. ఆ ఉత్తరంలో గుర్రం లేదని రాసి ఉంది కదా, అది అంటే పట్టుబడిపోతానని నా బుర్రకి తోచింది. ఇంకోటి చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ళు చిల్లర లెక్కపెట్టినవాణ్ణి, ఒక్క నాణెం మీద ఏ బొమ్మ ఉందో గుర్తు రాలేదు. చేప అన్నాను. చేప బొమ్మది అన్నాను.

నా చెయ్యి వదల్లేదు. "మన నాణేల మీద చేప ఎప్పుడూ లేదండీ" అంది. కోపంగా కాదు. నాకు తెలియని సంగతి ఒకటి నేర్పినట్టుగా అంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసెయ్యమంది. ఇక ఏమీ అడగలేదు. తెల్లవారుజామున పోయింది.

నిన్ను ఒక్కటి అడగాలి. నిజంగా ఏమీ దొరకలేదా? దొరకలేదంటే సరే, మీ అక్క అదృష్టం అంతే, నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను అనుకుని ఉండగలను. దొరికి ఉంటే మాత్రం నాకు రాయకు. ఆవిడ పోయే ముందు నేను చెప్పాల్సిన మాట నిజమే అయి ఉండీ, చేప అన్నానని తెలిస్తే నేను బతకలేను.

బావ


కళ్ళద్దాల కొట్టు, పైన గది
బుధవారం

బావా,

ఏమీ దొరకలేదు.

ఇక్కడికి వచ్చే చుట్టలు నా ఒక్కడికే ఇస్తుందనుకున్నాను. అందరికీ ఇస్తుందట కేషియరమ్మ. అక్క పెట్టినవి దారిలోనే ఎవరి చేతుల్లోకో వెళ్ళిపోయి ఉంటాయి. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు చెప్పింది అబద్ధమే, కానీ ఆ చోట ఎవరున్నా చెప్పేదే. చేప కాక ఇంకేమన్నా చెప్పినా అక్క కనిపెట్టేసేది. అక్క ముందు ఎవరి అబద్ధమూ నిలబడదు.

ఖాళీ డబ్బా పారెయ్యకు. నేను తీసుకుంటాను.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. నిన్ను నాతో తీసుకొస్తాను, ఇక్కడ రెండు మంచాలకి చోటుంది. ఒక్కడివే వండుకుని ఒక్కడివే తినకు. సాయంత్రాలు కొట్టు మూశాక అక్క గురించి మాట్లాడుకుందాం, ఎంతసేపైనా. నాణేల గురించి మాత్రం నన్నేమీ అడగకు.

నీ బావమరిది